పెండ్లిచూపులలో అడుగని ప్రశ్న

వరుడు అమెరికాలో ఉద్యోగము చేయుచున్నాడనియు, మూడు వారముల సెలవుపై వచ్చియున్నాడనియు, ముహూర్తము ఆ సెలవులోపల కుదిరినచో పెండ్లి చేసికొనియే పోవుననియు విన్నంతనే మన మధ్యతరగతి కుటుంబములలో పెద్దలు వేయు ప్రశ్నలు ఎవరైనను ఊహింపగలిగినవే: కంపెనీ యేది, జీతమెంత, ఇల్లు కొన్నాడా, ఆ యూర మనవారెందరున్నారు, గోత్రమేది, నక్షత్రమేది. కట్నము ఇచ్చిపుచ్చుకొనరాదని 1961లోనే శాసనము వచ్చినను దాని మాటయు ఏదో యొక మూల చాటుగా జరిగిపోవును. కాని పిల్ల ఆ దేశమున కాలుమోపిన నాటినుండి ఏ హక్కుతో జీవింపబోవుచున్నదో, ఆమె చదివిన చదువును, చేయుచున్న ఉద్యోగమును అచటి శాసనము ఏ దృష్టితో చూచునో అడిగిన పెద్దలను నేనంతగా ఎఱుగను. పరదేశమున కాపురము పెట్టు యువదంపతుల తొలి యేండ్ల సుఖదుఃఖములలో అధికభాగము ఈ యొక్క ప్రశ్నను ఆశ్రయించి యున్నదని నా అభిప్రాయము.

విషయము తెలియనివారికై కొంత వివరింతును. విద్యావంతులైన విదేశీయులను తాత్కాలికముగా ఉద్యోగములలో నియమించుకొనుటకు వీలుగా అమెరికా ప్రభుత్వము 1990 నాటి వలసల శాసనముచే హెచ్-1బి అను వీసాను ఏర్పఱచినది. ఏటికి 65,000, అచటి విశ్వవిద్యాలయములలో మాస్టర్సు చదివినవారికి మఱి 20,000 దాని పరిమితి. కోరువారు అంతకు ఎన్నోరెట్లు ఉండుటచే లాటరీ తప్పుటలేదు. ఈ వీసా గలవాని భార్యకు లభించునది హెచ్-4. ఆ వీసాపై ఆమె అచట నివసింపవచ్చును, చదువుకొనవచ్చును, కారు నడుపుటకు లైసెన్సు పొందవచ్చును. జీతము పుచ్చుకొని పని చేయుటకు మాత్రము వీలులేదు. భర్తకు శాశ్వత నివాసము కోరుచు అతని కంపెనీ పెట్టు ఐ-140 అను అర్జీ ఆమోదము పొందిన పిమ్మటనే, సాధారణముగా, ఆమె ఈఏడీ అను పని అనుమతి కార్డునకు దరఖాస్తు చేసికొనగలదు. ఈ వెసులుబాటైనను 2015 మే 26వ తేదీ నుండి వచ్చినదే గాని అంతకు పూర్వము లేదు. కావున బి.టెక్. చదివి హైదరాబాదులో నాలుగేండ్లు ఉద్యోగము చేసిన యువతి, మూడుముళ్లు పడిన పిమ్మట అచట ఉద్యోగిని యగునా, ఇంటిలో కూర్చుండునా అనునది ఆమె తెలివితేటలపై గాని, భర్త యిష్టాయిష్టములపై గాని గాక, ఆ భర్త యజమాని ఎప్పుడో దాఖలు చేసిన యొక అర్జీపై ఆధారపడియున్నది.

ఇది కాగితముమీది సంగతి. కాపురములో దీని రూపము వేఱు. టెక్సాసు రాష్ట్రమున డల్లాసు చుట్టుపట్లనున్న ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో వంటి ఊళ్లలో మనవారు విస్తారముగా ఉన్నారు. గోంగూరకట్టలకు గాని, ములక్కాడలకు గాని, సోనామసూరి బియ్యమునకు గాని అచటి ఇండియన్ స్టోర్సులో కొదువ లేదు. క్రొత్తగా వచ్చిన కోడలు, నేలనంతటను తివాచీ పఱచిన అపార్టుమెంటులో తొలినాడు పప్పునకు పోపు పెట్టును. ఎండుమిరపకాయ చిటపటలాడిన మఱుక్షణము ఇంటికప్పునకు అమర్చిన పొగగంట చెవులు గింగురుమనునట్లు మ్రోగును. ఆమె బెదరి స్టవ్ ఆర్పి, కుర్చీ యెక్కి తువ్వాలుతో విసరుచుండగా, భర్త పరుగున వచ్చి బాల్కనీ తలుపు తీసి నవ్వును. ఆ నవ్వులో ఆమెయు పాలుపంచుకొనును. ఎనిమిది గంటలకు అతడు ఉన్న ఒక్క కారును తీసికొని ఆఫీసునకు పోవును. కొట్టు మూడు మైళ్ల దూరము. కాలిబాట సగము దూరము పోయి అంతలో అంతమగును. బస్సన్నది ఆ వీథులలో కానరాదు. వేసవిలో అచట ఉదయము పది గంటలైనప్పుడు గుంటూరులో రాత్రి ఎనిమిదిన్నర. అమ్మతో మాటాడవలెనన్న ఆ కాస్త వ్యవధిలోనే మాటాడవలెను. అచట మధ్యాహ్నమగు నప్పటికి ఇచట పదిన్నర దాటి ఇల్లెల్ల నిద్రకు ఉపక్రమించును. అటుపిమ్మట ఆఱుగంటల వఱకు, అనగా మన తెల్లవారుజాము నాలుగున్నర వఱకు, ఆమె పలుకరింపదగిన మనిషి ఈ వంకను లేడు, ఆ వంకను లేడు. ఉద్యోగము చేయుచున్న పిల్లకు ఆ ఆఱుగంటలు తెలియకుండ గడచిపోవును. హెచ్-4 మీద వచ్చిన పిల్లకు ఆ దేశమన్నను, ఆ కాపురమన్నను ప్రధానముగా ఆ ఆఱుగంటలే.

ధనవిషయము దీనికి తోడగును. పని అనుమతి లేని హెచ్-4 స్త్రీకి సోషల్ సెక్యూరిటీ నంబరు ఇయ్యరు. ఆ నంబరు లేనిదే తన పేర అప్పుపుట్టు యోగ్యత ఏర్పడుట కష్టము. అది లేనిదే క్రెడిట్ కార్డు మొదలు కారు లోను వఱకు సమస్తమును భర్త పేరనే నడచును. హైదరాబాదులో తన జీతముతో తమ్ముని ఇంజనీరింగు ఫీజు కట్టిన అమ్మాయి, ఇపుడు తల్లికి పదివేలు పంపవలెనన్న భర్తను అడుగవలెను. అతడు కాదనడు. అడిగిన వెంటనే ఫోనులోనే పంపివేయును. కాదనకపోవుటయే తన ఔదార్యమని అతడును, అడుగవలసివచ్చుటయే తన దైన్యమని ఆమెయు తలపోయుచు, ఇరువురును మంచివారే యైనను, కారణము తెలియని కలహములు కొన్ని ఆ యింట పుట్టును. భర్త మంచివాడు కాని యెడల చెప్పవలసినదేమున్నది! అట్టి సందర్భమున, హింసకు గురియైన హెచ్-4 స్త్రీ తనంతట తానే పని అనుమతి కోరుటకు అచటి చట్టములో త్రోవ కలదనియు, న్యూజెర్సీలో 1985లో స్థాపితమైన మానవి వంటి దక్షిణాసియా స్త్రీల సహాయ సంస్థలు కలవనియు పిల్లను విమానమెక్కించు తల్లిదండ్రులు ముందే తెలిసికొని యుండుట మంచిది. అశుభము పలుకుట యెందులకని కొందఱు నొచ్చుకొందురు. పచ్చళ్లసీసాలకు మూతలు బిగించుటలో చూపు జాగ్రత్తలో ఆవంతైనను దీనియందు చూపిన తప్పేమి?

మనవారు ఇంతటి విషయమును ఏమఱి యుండుటకు ఒక చారిత్రక కారణము నాకు తోచుచున్నది. 1965 అక్టోబరు 3వ తేదీన అధ్యక్షుడు జాన్సన్ సంతకము చేసిన శాసనము, అంతవఱకు ఆసియావాసులకు తలుపులు మూసియుంచిన జాతులవారీ కోటాలను తొలగించినది. అటుపిమ్మట గుంటూరు, విశాఖపట్టణము, ఉస్మానియా వైద్య కళాశాలల నుండి సముద్రము దాటిన వైద్యులలోను, వారి వెనుక వెళ్లిన ఇంజనీరులలోను అనేకులు శాశ్వత నివాసపు హక్కుతోనే అచట అడుగిడిరి. వారి భార్యలకును ఆ హక్కే లభించినది. చదువుకొన్నవారు చదివిన వృత్తిలో, తక్కినవారు కొట్టులోనో బ్యాంకులోనో, వచ్చిన కొలది నెలలకే పనిలో కుదురుకొనిరి. పిట్స్‌బర్గ్ కొండమీద వేంకటేశ్వరునికి గుడి కట్టించి, తెలుగు సంఘములను నెలకొల్పి, సెలవులకు వచ్చినపుడు ఊరి బడికి గదులు వేయించిన తరమది. మన పెద్దల మనస్సులలో అమెరికా కాపురమన్న నేటికిని మెదలునది ఆ తరపు కాపురమే. ఇప్పటి కుఱ్ఱవాడు పోవుచున్నది తాత్కాలిక ఉద్యోగిగా. అతని భార్య పోవుచున్నది ఆ తాత్కాలికునికి ఆశ్రితగా.

ఆ తాత్కాలికత్వము ఎన్నాళ్లని అడుగుదురేమో. ఉద్యోగముల మూలమున అమెరికా ఏటేట ఇచ్చు శాశ్వత నివాసపు అనుమతులు, అనగా గ్రీన్ కార్డులు, సుమారు 1,40,000. భార్యాపిల్లల లెక్కయు అందులోనిదే. ఏ దేశమువారికైనను 7 శాతమునకు మించి ఈయరాదని నియమము; అనగా లక్షల జనాభా గల దేశమునకును, నూటనలువది కోట్లు దాటిన మన దేశమునకును అదే గరిష్ఠమితి. మన సాఫ్టువేరు ఉద్యోగులలో అధికులు నిలుచు ఈబీ-2 అను వరుసలో, ఇతర దేశములవారు వాడుకొనక మిగిల్చినవి కలిసివచ్చిననే తప్ప, మన వంతునకు రమారమి 2,800 మాత్రమే వచ్చును. పండ్రెండేండ్ల క్రిందట పెట్టిన అర్జీల వంతు ఇటీవల వచ్చుచున్నదనగా నేడు పెట్టినవారి గతి యేమో ఎవరి లెక్కకు వారు కట్టుకొనవచ్చును. ఆరేండ్లకు ముగియవలసిన హెచ్-1బి గడువును, అర్జీ వరుసలో నున్నంతకాలము పొడిగించుకొనవచ్చునని 2000 సంవత్సరపు శాసనము కనికరించుటచే మాత్రమే ఈ సంసారములు నిలిచియున్నవి. ఇంతలో ఆ దేశమునకు తల్లితండ్రుల చంకనెక్కి పోయిన పిల్లలకు 21 ఏండ్లు నిండినచో వారు ఆశ్రితుల పట్టికనుండి జాఱిపోవుదురు.

తమ శ్రామికుల వేతనములు తగ్గిపోకుండ కాపాడుకొను అధికారము ఏ దేశమునకైనను కలదు. దానిని నేను ఆక్షేపింపను. కాని ఒకే కంపెనీ ఒక శాఖనుండి మఱియొక శాఖకు బదిలీ చేసి రప్పించుకొను ఉద్యోగి ఎల్-1 వీసాపై వచ్చును; అతని భార్యకు 2002 నుండియే పని చేయు హక్కు కలదు. ఒకే అపార్టుమెంటులో ఎదురెదురు వాటాలలో కాపురమున్న ఇరువురు తెలుగు వధువులలో ఒకతె ఉదయమే బ్యాగు తగిలించుకొని ఆఫీసునకు పోవును, రెండవయామె తలుపుసందునుండి చూచుచుండును. చదువులో, అనుభవములో వారికి భేదము లేదు, భర్తల వీసాలోని అక్షరములో మాత్రమే భేదము. దీనిని సమర్థించు న్యాయమేదియు నాకు గోచరింపలేదు. 2015 నాటి వెసులుబాటును రద్దు చేయింపవలెనని దావా వేసినవారు 2024లో అచటి అప్పీలు న్యాయస్థానమున ఓడిపోయిరి గాని, 2025 అక్టోబరు చివర మఱియొక చిక్కు వచ్చిపడినది: కార్డు గడువు తీరులోగా క్రొత్త కార్డు రాకున్నను పాతదానిపై పని కొనసాగించుకొను సౌకర్యమును ప్రభుత్వము తొలగించినది. అర్జీ సకాలములోనే పెట్టియుండియు, కార్డు చేతికందక, నడచుచున్న ఉద్యోగమును నడుమ మానుకొని ఇంట కూర్చుండవలసిన దుర్గతి దీనివలన కలుగుచున్నది.

ఆ చట్టమును మార్చుట మన చేతిలోని పని కాదు. మన చేతిలో నున్నవి కొన్ని కలవు. వరుడు ఇంటికి రెండవ కారు కొనుటకంటె ముందు భార్యకు డ్రైవింగు నేర్పించుట, తాను స్వయముగా నేర్పబోయి దారిలో కసరుకొనుట గాక రుసుము చెల్లించి శిక్షకుని కుదుర్చుట, బ్యాంకు ఖాతాను తొలి వారముననే ఇరువురి పేర తెఱచుట, ఇంటి అద్దెపత్రములో ఆమె పేరును చేర్పించుట. ఇవి చిన్నపనులే గాని వీనిని చేసిన యింటికిని చేయని యింటికిని గల అంతరమును చూచినవారికే తెలియును. సినిమాతారలను రప్పించి లక్షల డాలర్లతో మహాసభలు జరుపు మన తెలుగు సంఘములు, ఆ మండపములలో చీరల అంగళ్లకును స్థలవిక్రేతల అంగళ్లకును ఇచ్చు చోటులో ఒక మూల, క్రొత్తగా వచ్చిన కోడళ్లకు చదువుల త్రోవలను, లైసెన్సు పరీక్షలను, చట్టపు సహాయమును గూర్చి చెప్పు బల్లనొకదానిని నిత్యనియమముగా ఏర్పాటు చేసినచో నేను వారి సాంస్కృతిక సేవను మనసార శ్లాఘింతును. దంతవైద్యము చదివిన పిల్ల ఆ దేశమున ప్రాక్టీసు చేయవలెనన్న మరల అచటి కళాశాలలో రెండుమూడేండ్లు చదువవలెననియు, ఆ చదువు హెచ్-4 మీదనే ఆరంభింపవచ్చుననియు సకాలమున చెప్పువారు లేక ఏండ్లు పోగొట్టుకొన్నవారు కలరు.

రెండేండ్ల క్రిందట మా బంధువుల యింట పెండ్లిచూపులకు నేనును వెళ్లితిని. పిల్ల హైదరాబాదులో ఒక ఔషధ కంపెనీ ప్రయోగశాలలో ఉద్యోగిని. కాఫీలు ముగిసి, మీరిద్దఱు ఏమైన మాటాడుకొనుడని పెద్దలనగా, ఆమె అందఱి యెదుటనే, ‘మీ ఐ-140 అప్రూవ్ అయిందా అండీ?’ అని అడిగినది. ‘ఇంకా దానికి ముందుండే పెర్మ్ స్టేజిలోనే ఉందండీ, ఏడాదిన్నర పైనే పట్టొచ్చు’ అని అతడు సూటిగానే చెప్పినాడు. పిల్ల పెదనాన్నగారికి కోపము వచ్చినది. ‘పెళ్లిచూపుల్లో ఈ ఆఫీసు గొడవలేమిటే?’ అని గద్దించినారు. వరుని తల్లియే కలుగజేసికొని, ‘అడగనివ్వండి అన్నయ్యగారూ, అక్కడ ఉండాల్సింది తనే కదా’ అన్నది. ఆ సంబంధమే కుదిరినది. పెండ్లి శ్రావణమాసములో జరిగినది. అర్జీ ఆమోదమగువఱకు పిల్ల హైదరాబాదులోనే ఉద్యోగము చేయుననియు, ఈలోపల సెలవులకు అతడే వచ్చిపోవుననియు వారిరువురును ముందే మాటాడుకొనిరి. కోడలిని కాపురమునకు పంపలేదేమని ఊరిలో అడుగువారికి కొదువ లేదు. వారందఱికిని ఐ-140 అనగానేమో, ఈఏడీ ఎప్పుడు వచ్చునో ఓపికగా వివరించు భారము ఇప్పుడు ఆ పెదనాన్నగారే వహించియున్నారు.