పాడే పిల్లల తరఫున వినతిపత్రం

తెలుగు వినోద చానెళ్ల యాజమాన్యాలకు, పాటల పోటీలు తీసే నిర్మాణ సంస్థలకు, ఆ పోటీల్లో న్యాయనిర్ణేతలుగా, మెంటార్లుగా కూర్చునే గాయనీగాయకులకు, సంగీత దర్శకులకు,

విషయం: టీవీ పాటల పోటీల్లో పాడే పిల్లల, యువతీయువకుల పని గంటలు, మార్కులు, ఒప్పందాలు, ఫిర్యాదుల గురించి.



మేము గోదావరి జిల్లాల్లో ఇళ్లలోనూ గుళ్లలోనూ పిల్లలకు సంగీతం చెప్పుకునేవాళ్లం. మాతోపాటు సంతకాలు చేసినవాళ్లు ఆ పిల్లల తల్లిదండ్రులు. రాత్రి బండెక్కి తెల్లారేసరికి హైదరాబాదులో దిగి, మీ స్టూడియోల బయట టిఫిన్ క్యారియర్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాళ్లు.

మీ కార్యక్రమాల మీద మాకు కోపం లేదు. ‘పాడుతా తీయగా’ 1996లో మొదలైనప్పటి నుంచి మా దగ్గరికి పాట నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు పెరిగారు. ఆ వేదిక మీద పాడిన ఉష, మల్లికార్జున్, గోపికా పూర్ణిమ, హేమచంద్ర సినిమాల్లో పాడారు. 2010లో శ్రీరామచంద్ర, 2017లో రేవంత్ హిందీ పాటల పోటీ ఇండియన్ ఐడల్ గెలిచారు. పాటతో బతుకుతెరువు ఉంటుందా అని అనుమానంగా చూసే తండ్రులకు మేము చూపించగలిగే ఉదాహరణలు ఇవే. కాబట్టి ఈ పోటీలు ఆగిపోవాలని మేము కోరడం లేదు. వాటిలో మీరు రోజూ వాడే ‘గురువు’ అనే మాటకు తగిన బాధ్యతను కాగితం మీద రాసిమ్మని కోరుతున్నాం.

ఆ మాట బరువు తెలిసినవాళ్లు మనలోనే ఉన్నారు. 1960ల్లో మద్రాసులో ఒక పాటల పోటీలో పాడిన కుర్రవాడి గొంతు ఎస్.పి. కోదండపాణి చెవిన పడింది. ఆయన బాగా పాడావని భుజం తట్టి ఊరుకోలేదు. 1966లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’లో ఆ కుర్రవాడి చేత మొదటి పాట పాడించారు. ఆ కుర్రవాడే ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. పెద్దవాడయ్యాక మద్రాసులో కట్టుకున్న రికార్డింగ్ థియేటర్‌కు ఆయన పెట్టుకున్న పేరు కోదండపాణిది. పోటీ అయిపోయిన మర్నాడు మొదలయ్యే సంబంధాన్నే మేము గురుత్వం అంటాం. 2020 సెప్టెంబరు 25న కన్నుమూసేదాకా బాలుగారు తన ‘పాడుతా తీయగా’ వేదిక మీద ఆ రుణం తీర్చుకుంటున్నట్టే ఉండేవారు. పిల్ల పాడగానే ఆ పాట ఎవరు రాశారు, ఎవరు స్వరపరిచారు, ఏ రాగం ఛాయలున్నాయి అని చెప్పేవారు. ‘ళ’ పలకాల్సిన చోట ‘ల’ పలికితే ఆపి, తాను పలికి చూపించేవారు. ఆ నాలుగు నిమిషాలు మాలాంటి వాళ్లకు కూడా పాఠమే. ఇప్పటి ఎపిసోడ్లలో ఆ నాలుగు నిమిషాలు యాంకర్ జోకులకూ ప్రోమోలకూ పోతున్నాయి.

మాలో ఒకరి శిష్యురాలి సంగతి ఇక్కడ రాయక తప్పదు. ఆ పాప పేరు, ఊరు, చానెల్ పేరు ఏదీ రాయడం లేదు. ఎవరినీ బోనెక్కించాలని మాకు లేదు.

పాపకు పదకొండేళ్లు. ఆరేళ్లుగా సరళీ వరసల నుంచి నేర్చుకుంటున్న పిల్ల. ఉదయం ఏడింటికల్లా రమ్మన్నారు. ఎనిమిదికి జడ వేసి, మల్లెపూలు పెట్టి, మేకప్ చేసి ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. తల్లి ఫ్లాస్కులో మిరియాలు వేసి కాచిన నీళ్లు తెచ్చుకుంది, గంటకోసారి రెండు గుక్కలు తాగించేది. మధ్యాహ్నం పెరుగన్నం పెడితే గొంతు పట్టేస్తుందని భయపడి రెండు ఇడ్లీలతో సరిపెట్టింది. సాయంత్రానికి పూలు వాడిపోయాయి. కెమెరాకు బాగుండవని తీసేసి తాజా పూలు పెట్టారు. రాత్రి పదకొండు నలభైకి పిలుపు వచ్చింది. పల్లవి, మొదటి చరణం నిలబడి పాడింది. రెండో చరణంలో తారస్థాయి పంచమం అందుకునేటప్పుడు గొంతు చీలింది. న్యాయనిర్ణేత కుర్చీలో ఉన్న పెద్దగాయకుడు నవ్వుతూనే అడిగారు: “ఏమైంది తల్లీ, ప్రాక్టీస్ చెయ్యలేదా?”

ఆ ప్రశ్న ప్రసారమైంది. అంతకు ముందు గడిచిన పదహారు గంటలు ప్రసారం కాలేదు.

పాప కళ్లు తుడుచుకుంటే కెమెరా ఆ వైపు లేదట. ఇంకోసారి తుడుచుకోమ్మా అన్నారు. తుడుచుకుంది. ఆ తర్వాత నాలుగు నెలలు ఆ పాట జోలికి వెళ్లలేదు. మా ఇంట్లో ఆ పాట రాగంలోని వర్ణం మొదలుపెడితే లేచి మంచినీళ్లకు వెళ్లిపోయేది. ఆ పెద్దగాయకుడు చెడ్డవారు కారు. పాప పొద్దున్నుంచీ కూర్చుని ఉందని ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. కానీ కోచ్ అన్న పేరు పెట్టుకున్న మనిషికి ఆ సంగతి తెలియకుండా పాట నడిపించిన ఏర్పాటు తప్పు. అందుకే మొదట కోరేది పని గంటల గురించి.

ఇందులో మేము కొత్తగా కనిపెట్టి అడిగేది పెద్దగా లేదు. బాలకార్మిక చట్టం 2016లో మారాక, 2017లో వచ్చిన నిబంధనలు బాల కళాకారుల విషయం స్పష్టంగా చెప్పాయి. రోజుకు ఐదు గంటలు మించి పని చేయించకూడదు. విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు. వరసగా 27 రోజులు మించకూడదు. జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి ఉండాలి. ఐదుగురు పిల్లలకు ఒకరు చొప్పున బాధ్యులు ఉండాలి. వచ్చే ఆదాయంలో కనీసం 20 శాతం పిల్లల పేరనే జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. సరదాగా పాడే పిల్లలు కూడా ఆ చట్టంలో కళాకారులే, కాబట్టి ఇది పోటీయే గాని పని కాదు అనే వాదన నిలవదు. మేకప్ కుర్చీలో కూర్చున్న గంటను కూడా పని గంటగానే లెక్కించండి. పద్నాలుగేళ్లలోపు పిల్లల పాటలు సాయంత్రం ఆరులోపు చిత్రీకరించండి. మేజిస్ట్రేట్ అనుమతి పత్రం నకలు తల్లిదండ్రుల చేతికి ఇవ్వండి. మాలో ఇంతవరకు అది చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

గొంతు గురించి ఇంకో మాట. పన్నెండు, పదిహేను ఏళ్ల మధ్య మగపిల్లల గొంతు మారుతుంది. ఆ వయసులో వాళ్లను పెద్ద హీరోల హైపిచ్ పాటలు అదే శ్రుతిలో పాడమంటే నరాలు తెగేలా అరుస్తారు, చప్పట్లు కూడా పడతాయి. తర్వాత గొంతు బాగుచేసుకోవడానికి మా దగ్గరికే వస్తారు. ట్రాక్ ముందే చేసేశాం, శ్రుతి మార్చడం కుదరదు అని చెప్పే పద్ధతి మానండి. పాట ఎంచుకునేటప్పుడు పిల్లకు నేర్పే గురువును ఒక్క ఫోను చేసి అడగండి. ఆ ఫోనుకు రెండు నిమిషాలు పడుతుంది. వయసుకు మించిన శృంగార గీతాలు, వాటికి తగ్గ హావభావాలు పిల్లల చేత చేయించవద్దని విడిగా రాయాల్సి రావడం మాకే బాధగా ఉంది. 2019లో కేంద్ర సమాచార ప్రసార శాఖ డాన్స్ రియాలిటీ షోల విషయంలో చానెళ్లకు ఇదే చెప్పింది.

ఇక మార్కుల సంగతి. 2021లో కిశోర్ కుమార్ జ్ఞాపకార్థం ఇండియన్ ఐడల్ చేసిన ఎపిసోడ్‌కు ఆయన కుమారుడు అమిత్ కుమార్ అతిథిగా వెళ్లారు. ఎవరు ఎలా పాడినా అందరినీ మెచ్చుకోమని తనకు ముందే చెప్పారని తర్వాత ఆయనే బయటపెట్టారు. పొగడ్త కూడా స్క్రిప్టులో భాగమైతే, పిల్ల తన తప్పు ఎక్కడ తెలుసుకోవాలి? ప్రతి పాటకూ శ్రుతి, లయ, ఉచ్చారణ, భావం విడివిడిగా మార్కులు వేసి, ఆ కాగితం పాడినవాళ్లకు ఇవ్వండి. ప్రసారం చేయకపోయినా ఫరవాలేదు, ఇంటికి పంపండి చాలు. ప్రేక్షకుల ఓట్లు తీసుకుంటే ఎవరికి ఎన్ని పడ్డాయో చెప్పండి. 2006లో కారుణ్య ఇండియన్ ఐడల్ ఫైనల్‌కు వెళ్లినప్పుడు మా ఊళ్లలో రీచార్జి డబ్బులన్నీ ఎస్ఎంఎస్‌లకే పెట్టిన కుర్రాళ్లున్నారు. ఓటు వేసినవాడికి లెక్క అడిగే హక్కు ఉంటుంది. శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్ ప్రసారానికి ముందు వాడితే ఆ సంగతి తెర మీద రాయండి. ఇంట్లో టీవీ ముందు కూర్చున్న పిల్లలు ఆ పాటతో తమ పాటను పోల్చుకుని కుంగిపోతున్నారు.

నెదర్లాండ్స్‌లో 2010లో పుట్టిన ‘ద వాయిస్’లో ఒక మంచి పద్ధతి ఉంది. కోచ్‌లు వేదికకు వీపు పెట్టి కూర్చుంటారు, గొంతు నచ్చితే బటన్ నొక్కుతారు, అప్పుడే కుర్చీ తిరుగుతుంది. 2015లో అది హిందీలోకీ వచ్చింది. రంగు, ఒడ్డూపొడుగూ, బట్టలు చూడకుండా పాట మాత్రమే వినే ఆ పద్ధతిని మన ఆడిషన్లలో మొదటి వడపోతకైనా పెట్టండి. నల్లగా ఉందని, లావుగా ఉందని వెనక్కి తిరిగొచ్చామనుకునే ఆడపిల్లలు మా క్లాసుల్లో ఉన్నారు. వాళ్ల అనుమానం తీర్చడానికి ఇదొక్కటే దారి.

అదే కార్యక్రమం నుంచి నేర్చుకోవాల్సింది మరొకటి ఉంది. 2022 జనవరిలో దాని ప్రసారం సొంత దేశంలోనే నిలిచిపోయింది. ఆ షోతో పనిచేసినవాళ్ల మీద, కోచ్‌ల మీద లైంగిక వేధింపుల ఆరోపణలు బయటికొచ్చాయి. ఆడవాళ్లు వెంటనే ఫిర్యాదు చేయాల్సింది అన్న ధోరణిలో కార్యక్రమ రూపకర్త జాన్ డి మోల్ మాట్లాడితే, ఆయన సంస్థలో పనిచేసే స్త్రీలే పత్రికలో పూర్తి పేజీ ప్రకటన వేసి, లోపం ఆడవాళ్లది కాదని ఆయనకు చెప్పారు. అది ఎక్కడో పరాయి దేశం సంగతి అనుకోవద్దు. 2025 ఏప్రిల్‌లో మన తెలుగులోనే ఒక యువగాయని పోటీ నుంచి బయటికొచ్చాక, మార్కుల్లోనూ బట్టల విషయంలోనూ తనకు అన్యాయం జరిగిందని వీడియోలో చెప్పుకుంది. అవతలివారు ఆ ఆరోపణలను ఖండించారు. ఎవరిది నిజమో తేల్చడం మా పని కాదు. కానీ ఒక అమ్మాయికి తన మాట చెప్పుకోవడానికి యూట్యూబ్ తప్ప ఇంకో గుమ్మం కనిపించలేదు. ఆ తర్వాత ఆమెను తిట్టినవాళ్లున్నారు, న్యాయనిర్ణేతలను తిట్టినవాళ్లున్నారు, ఇరువైపులా మర్యాద మిగలలేదు.

ఆ గుమ్మం మీరు కట్టండి. పనిచోట లైంగిక వేధింపుల నివారణకు వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. ఉద్యోగి కాని స్త్రీ కూడా అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. అంటే పోటీకి వచ్చిన అమ్మాయికి ఆ హక్కు ఇప్పటికే ఉంది. కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు మేకప్ గదిలో తెలుగులో అంటించండి. వేధింపులు కాని మిగతా ఫిర్యాదులకు, అంటే మార్కులు, బట్టలు, పాట ఎంపిక లాంటివాటికి, చానెల్‌తో సంబంధం లేని ఒక సంగీత విద్వాంసుణ్ణీ ఒక న్యాయవాదినీ పెట్టండి. ఇచ్చిన బట్టలు ఇబ్బందిగా ఉన్నాయని పిల్ల అంటే అక్కడితో ఆ మాట ఆఖరు కావాలి. ఫిర్యాదు చేసిన పిల్లను ఆ కారణంగా పోటీ నుంచి తీసేయబోమని రాసివ్వండి.

ఒప్పందాల దగ్గరికొస్తే, మాలో చాలామంది చదవకుండానే సంతకం పెట్టామని ఒప్పుకోవాలి. ఇరవై పైచిలుకు పేజీలు ఇంగ్లిషులో, అదీ షూటింగ్ ఉదయాన, పిల్లకు జడ వేస్తుంటే చేతికిచ్చారు. పెన్ను కూడా వాళ్లదే. ఒప్పందం తెలుగులో ఉండాలి, పది రోజుల ముందు ఇంటికి రావాలి. ఇంకో వేదిక మీద పాడకూడదన్న నిబంధన ఆ సీజన్‌తో పూర్తి కావాలి. పిల్ల పాడిన పాట చానెల్ యూట్యూబ్‌లో ఏళ్ల తరబడి నడుస్తూ ప్రకటనల డబ్బు తెస్తోంది. పాడిన గొంతుకు అందులో పైసా రావడం లేదు. కాపీరైట్ చట్టంలో 2012 సవరణ ప్రదర్శకులకు ఇచ్చిన హక్కులను గుర్తుపెట్టుకుని, కొంత వాటా పిల్ల పేరన వేయండి. హైదరాబాదులో ఉండే ఖర్చు, వెంట వచ్చిన తల్లి తిండీ బసా నిర్మాణ సంస్థే భరించాలి. ఒక పోటీ కోసం పుస్తెలతాడు తాకట్టు పెట్టిన తల్లి ఈ పత్రం మీద సంతకం చేసినవాళ్లలో ఉంది.

కోచ్‌లుగా కూర్చునే పెద్దలకు విడిగా మనవి. మీ పాటలే మా పిల్లలకు పాఠాలు. మీరు ఒక సీజన్‌కు ఒప్పుకునే ముందు ప్రతి పిల్లతో కెమెరా లేకుండా వారానికి ఒక గంట కూర్చుంటామని ఒప్పందంలో రాయించుకోండి. ఓడిపోయిన పిల్లకు ఆరు నెలల తర్వాత ఒక్కసారి ఫోన్ చేసి గొంతు ఎలా ఉందని అడగండి. మా శిష్యురాలి చేత ‘మీరే నా గురువు’ అని చెప్పిస్తే, ఆమెకు సరిగమలు నేర్పిన మనిషి పేరు కూడా అడగండి. మాకు శాలువా అక్కర్లేదు. ఆ పేరు తన నోటితో చెప్పే అవకాశం పిల్లకు ఇస్తే చాలు, ఊళ్లో ఇంకో పదిమంది ఆ మనిషి గుమ్మం ఎక్కుతారు.

పై కోరికల్లో కొన్ని చట్టంలో ఉన్నవే. మిగతావాటికి ఖర్చు కూడా పెద్దగా లేదు. వీటిలో ఏవి ఒప్పుకుంటారో, ఏవి ఒప్పుకోరో, కారణాలతో సహా తెలుగులో రాతపూర్వకంగా జవాబివ్వండి. వచ్చే సీజన్ ఆడిషన్ల ప్రకటన రాకముందే ఆ జవాబు మా చేతికి అందేలా చూడమని ప్రార్థన. అందితే మా పిల్లల్ని మేమే వెంటబెట్టుకుని తీసుకొస్తాం.

ఇట్లు,
గోదావరి జిల్లాల సంగీత ఉపాధ్యాయులు,
పోటీల్లో పాడిన పిల్లల తల్లిదండ్రులు