నీకెందుకవన్నీ?

పోయిన నెల ఒక ఊళ్ళో మహిళా సంఘం సమావేశానికి వెళ్ళాను. అంతా అయిపోయాక ఒకామె కొంగులో చుట్టి తెచ్చుకున్న ఇన్సులిన్ సీసా నా చేతిలో పెట్టింది. "ఇదేం మందో చెప్పమ్మా. డాక్టరు గారినడిగితే, చెప్పినట్టు పొడుచుకో, నీకెందుకవన్నీ అన్నాడు" అంది.

"నీకెందుకు" అన్న మాట మనకు కొత్త కాదు. పొలం పట్టా గురించి అడిగినా, ఆపరేషన్ కాగితం మీద ఏం రాశారని అడిగినా మనకదే జవాబు. ఎనిమిదేళ్ళుగా ఇన్సులిన్ వాడుతున్న నేను కూడా మొదటి రెండేళ్ళు ఈ ప్రశ్న వెయ్యలేదు. చదువుకున్న నా సంగతే అలా ఉంది.

ఇన్సులిన్ అంతా ఒకటే కాదు. ఎంత త్వరగా పని మొదలుపెడుతుంది, ఎంతసేపు ఉంటుంది అన్న దాంట్లోనే తేడా. లిస్‌ప్రో, ఆస్పార్ట్ పావుగంటలో అందుకుంటాయి, మూడు నాలుగు గంటల్లో అయిపోతాయి. రెగ్యులర్ అనే పాత రకాన్ని తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. పాలలా తెల్లగా ఉండే ఎన్.పి.హెచ్. నెమ్మదిగా మొదలై సగం రోజుకు పైగా ఉంటుంది. గ్లార్జిన్ దాదాపు రోజంతా నిలుస్తుంది. 30 పాళ్ళు రెగ్యులర్, 70 పాళ్ళు ఎన్.పి.హెచ్. కలిపినది 30/70. ఆమె సీసాలో ఉన్నది అదే.

అది వేసుకున్న అరగంటకు అన్నం తినాలి. ఆమె పొద్దున్నే ఇంజెక్షన్ వేసుకుంటుంది. మగవాళ్ళకీ పిల్లలకీ పెట్టి, గిన్నెలు తోమి, మిగిలింది తినేసరికి పది దాటుతుంది. మందు మాత్రం ఆమె వంతు వచ్చేదాకా ఆగదు. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం. రెండుసార్లు పొయ్యి దగ్గరే పడిపోయిందట. ఇంట్లోవాళ్ళు నీరసం అనుకున్నారు. అది రక్తంలో చక్కెర పడిపోవడం. ప్రాణం కూడా పోవచ్చు. ఆడది ఆఖరున తినాలన్న ఆచారం, ఏ మందో చెప్పని డాక్టరు, ఈ రెండూ కలిసే ఆమెను పడేశాయి.

మరో ప్రమాదం సిరంజిలో ఉంది. మన దేశంలో 40 యూనిట్ల ఇన్సులిన్, 100 యూనిట్ల ఇన్సులిన్ రెండూ అమ్ముతారు. 40 సిరంజితో 100 మందు ఎక్కిస్తే రెండున్నర రెట్లు లోపలికి పోతుంది. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటే ఉండాలి.

ఇన్సులిన్‌ను 1921లో టొరంటోలో కనుక్కున్నారు. కనుక్కున్నవాళ్ళు పేటెంటును 1923లో ఒక్కొక్క డాలరుకే విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. వందేళ్ళు దాటినా పేదింటి ఆడదానికి తన మందు ఖర్చు ఇంట్లో ఆఖరి ఖర్చే. 2022లో గ్లార్జిన్ కూడా మన జాతీయ అత్యవసర మందుల జాబితాలో చేరింది. జాబితాలోకి ఎక్కిన మందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అలమరలోకి రావాలంటే మనం అడగాలి. ఖరీదైనదే మంచిదని కాదు. పాత రకాలూ చాలామందికి బాగా పనిచేస్తాయి. అయితే డాక్టరును అడక్కుండా రకం మార్చకూడదు, మానెయ్యకూడదు.

కార్యకర్తలకు నా విన్నపం ఒకటే. ఈసారి సమావేశంలో ఇన్సులిన్ వాడే ఆడవాళ్ళతో ఈ ప్రశ్నలు బట్టీ పట్టించండి: ఇదే రకం? తినడానికి ఎంత ముందు? ఎంతసేపు ఉంటుంది? ఏ సిరంజి? కళ్ళు తిరిగితే ఏం చెయ్యాలి? కొంగున బెల్లం ముక్క కట్టుకోమనండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పెట్టకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళమని ఇంట్లోవాళ్ళకు చెప్పండి. ఇంజెక్షన్ వేసుకున్న మనిషి ముందు తినాలని కూడా వాళ్ళకే చెప్పండి.

మన ఒంట్లోకి పోయేదేమిటో తెలుసుకోవడం మన హక్కు. "నీకెందుకు" అంటే, "నా ప్రాణం కనక" అందాం.