గడియకుడుక

1916 అక్టోబరు 1 దాకా ఐర్లండుకి తనదంటూ ఒక సమయం ఉండేది. గ్రీనిచ్ కంటే 25 నిమిషాల 21 సెకన్లు వెనక. డబ్లిన్ దగ్గరి డన్‌సింక్ వేధశాల లెక్క అది. ఈస్టర్ తిరుగుబాటు జరిగిన ఆ ఏడాదే బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి ఆ తేడాని చెరిపేసింది.

టాలట్‌లో మా వంటింట్లో కూర్చుని ఇది చదువుతూ ఆ అంకె దగ్గర ఆగిపోయాను. మన పాతలెక్కలో అది ఒక గడియ, పైన మూడు విఘడియల చిల్లర! రోజుకి 60 గడియలు. గడియంటే 24 నిమిషాలు.

ఈ గడియని కొలవడానికి మనవాళ్ళకి ఓ వస్తువుండేది: గడియకుడుక. అడుగున సన్నటి బెజ్జం ఉన్న లోహపు గిన్నె. నీళ్ళ మీద వదిలితే మెల్లగా నిండి, సరిగ్గా గడియకి మునిగేది. పెళ్ళి ముహూర్తాలు దాన్ని బట్టే చూసుకునేవారు.

అలాంటిదొకటి చేద్దామనిపించింది. పల్చటి స్టీలు గిన్నె, సన్న డ్రిల్లు బిట్టు, ఒక గాజు తొట్టి. బెజ్జానికి కాస్త కాస్త మైనం పెట్టుకుంటూ 24 నిమిషాలకి తీసుకురావడానికి రెండు వారాంతాలు పట్టింది. కుళాయి నీళ్ళు బాగా చల్లగా ఉన్న రోజు గిన్నె ఇంకాస్త ఆలస్యం చేస్తుంది. చల్లటి నీటికి జిగట ఎక్కువ మరి.

ఎదురుగా కూర్చుని చూడండి, చాలాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. అంచు నీటికి సమమయ్యాక మాత్రం ఒక్క క్షణంలో మునిగి, అడుగున ఠంగుమంటుంది. సమయాన్నే గమనిస్తూ కూర్చుంటే అది సాగుతుందని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెప్పేదే. అవే 24 నిమిషాలు ఫోన్లో గడిపితే ఎటుపోయాయో తెలీదు, తర్వాత తలుచుకుందామన్నా జాడ దొరకదు.

ఫెలిక్స్ గొంజాలెజ్-టోర్రెస్ అనే కళాకారుడు రెండు ఒకేలాంటి గోడగడియారాల్ని పక్కపక్కన పెట్టి, ఒకే సమయానికి మొదలుపెట్టి వదిలేశాడు. బ్యాటరీలు నీరసించేకొద్దీ ఒకటి వెనకబడుతుంది. అతని సహచరుడు ఎయిడ్స్‌తో జబ్బుపడ్డ రోజుల్లో పుట్టిన ఆలోచన అది.

మా ఇంట్లోనూ రెండు గడియారాలున్నాయి, ఇక్కడిదొకటి, ఒంగోలుదొకటి. మధ్య తేడా వేసవిలో నాలుగున్నర గంటలు, చలికాలంలో అయిదున్నర. ఈమధ్య నాన్నకి పొద్దూ మాపూ కలిసిపోతున్నాయి. "అక్కడెంతయిందమ్మా?" అని ఒకే ఫోన్లో నాలుగైదుసార్లు అడుగుతారు. జవాబు చెప్తూనే గోడకేసి చూసి, ఇంకేదో పని గుర్తొచ్చి పెట్టేసేదాన్ని.

ఇప్పుడు శనివారం పొద్దున గిన్నెని నీళ్ళమీద వదిలాకే ఫోన్ చేస్తున్నాను. అది మునిగేదాకా మాటలు. మాటలు లేనప్పుడు ఊరికే ఉంటాం. టైమెంతని అడిగితే "ఇంకా తేలుతోంది నాన్నా" అంటాను. ఆ జవాబు ఆయనకి చాలుతుంది.

మునిగిన చప్పుడు ఫోన్లో ఆయనకీ వినిపిస్తుంది. ఒక్కోసారి, "మునిగిందా? అయితే మళ్ళీ వదులు" అంటారు.