ఐరిష్ బాణీలో అమ్మవారి పాట

ఉక్కు ఫ్యాక్టరీలో పని కోసం జంషెడ్‌పూర్ చేరిన తెలుగువారు బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకున్నారు. వలస వెళ్లిన చోట గుడి వెలిస్తే దాని వెనకే భజన వస్తుంది. అందులో ఎందరున్నా బాణీ ఒక్కటే. గొంతులు పాయలుగా విడిపోయి వేర్వేరు స్వరాలు పలుకుతూ మళ్లీ కలిసే బృందగానం, చర్చిల్లో తప్ప, మనకు అంతగా అలవాటు లేదు. చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ 1970లలో మద్రాస్ యూత్ క్వయర్‌తో ఆ లోటు కొంత తీర్చారు.

అమెరికాలోని ప్రవాసులకు ఆ రుచి చూపించింది కన్నిక్స్ కన్నికేశ్వరన్. మద్రాస్ ఐఐటీలో చదివి సిన్సినాటిలో స్థిరపడిన ఆయన 1990లలో రాగాలకు హార్మొనీ జోడించి స్థానిక భారతీయ కుటుంబాలతో పాడించడం మొదలుపెట్టారు. 2004లో 'శాంతి' ప్రదర్శన తర్వాత హ్యూస్టన్, టాంపా వంటి నగరాల్లోనూ ఇలాంటి బృందాలు పుట్టుకొచ్చాయి.

ఆయన మరో ఆసక్తి మరింత విచిత్రమైనది: ముత్తుస్వామి దీక్షితుల (1775-1835) నోటు స్వరాలు. మద్రాసు కోటలో బ్రిటిష్ బ్యాండు వాయించిన బాణీలకు దీక్షితులు సంస్కృత సాహిత్యం రాశారు. 'వందే మీనాక్షి'కి మూలం ఐర్లండ్‌లోని మాలో పట్టణం పేరు మోసే నాట్యపు బాణీ. 'సంతతం పాహిమాం'కు మూలం సాక్షాత్తూ బ్రిటిష్ జాతీయగీతం. రాజును కాపాడమనే బాణీలో దీక్షితులు తనను కాపాడమని అమ్మవారిని వేడుకున్నారు! వీటిని తెలుగు లిపిలో రాతప్రతిగా సేకరింపజేసింది మరెవరో కాదు, మన సి.పి. బ్రౌన్. ఈ పాటలతో కన్నికేశ్వరన్ 'విస్మయ' అనే భారతీయ-కెల్టిక్ ఆల్బమ్ రూపొందించారు.

అభ్యంతరాలూ ఉన్నాయి. ఇవి పిల్లల పాఠాలే తప్ప దీక్షితుల స్థాయివి కావని కొందరంటారు. కొన్ని ఆయన రాసినవేనా అన్న సందేహమూ ఉంది. హార్మొనీలో గమకం నలిగిపోతుందన్న భయం మాత్రం కొట్టిపారేయదగింది కాదు. గమకం ఒక్క గొంతు సొత్తు. యాభై మంది ఒకేలా ఊపలేరు. కానీ నోటు స్వరాల్లో అసలు గమకాలే లేవు. అన్నీ శంకరాభరణం స్వరాల్లోనే సూటిగా నడుస్తాయి. అందుకే సంగీతం నేర్వని ఇంజనీర్లు, గృహిణులు, తెలుగో తమిళమో సరిగా రాని పిల్లలు కూడా ధైర్యంగా గొంతు కలపగలుగుతారు. కచేరీ వేదిక మీద వీరికి ఆ అవకాశం ఎవరిస్తారు? 2012లో సిన్సినాటి ప్రపంచ బృందగాన పోటీలకు ఆతిథ్యమిచ్చినప్పుడు అక్కడి భారతీయ బృందం కూడా వేదికెక్కింది.