మన గుట్టలు గుండ్రంగా ఉంటాయి! పిల్లలను చూసి గీయనివ్వండి!

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, ఖాజాగూడ తల్లిదండ్రులారా! అమ్మమ్మలారా, తాతయ్యలారా! టీచర్లారా!

మీ పిల్లల డ్రాయింగ్ పుస్తకం ఒక్కసారి తెరవండి. రెండు త్రికోణపు కొండలు, నడుమ సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు. అలాంటి కొండ ఖాజాగూడలో ఎక్కడుంది? మన గుట్టలంటే ఒకదాని మీద ఒకటి నిలిచిన గుండ్రటి బండలు. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ ఇది. పగుళ్లలోకి నీరు దిగి, మూలలు అరిగి, పొరలు పొరలుగా ఊడి ఈ రూపానికి వచ్చింది. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఎన్ని బండలు పేలి కంకరైపోయాయో ఇక్కడి పెద్దలకు తెలుసు. మిగిలినవాటినైనా మన పిల్లలు కళ్లారా చూడాలి.

గీయాలంటే ఆగాలి, మళ్లీ మళ్లీ చూడాలి. వేపాకు అంచుకు రంపపు పళ్లుంటాయి, కానుగాకు అంచు నున్నగా ఉంటుంది. రావి ఆకు కొన తోకలా సాగుతుంది. మన రాష్ట్ర పక్షి పాలపిట్ట తీగ మీద కూర్చుంటే మట్టిరంగుగా కనిపిస్తుంది, రెక్క విప్పిందా, నీలం! ఏ రంగు పెన్సిల్ తీయాలా అని వెతుక్కునే పిల్ల దాన్ని మరిచిపోదు.

2025లో కంచ గచ్చిబౌలి చెట్ల మధ్యకు బుల్డోజర్లు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపింది. మన పక్కనే జింకలు, నెమళ్లు ఉన్నాయని మనలో చాలామందికి ఆ వార్తలతోనే తెలిసింది. మన పిల్లలకు అలా తెలియకూడదు.

ఆదివారం పొద్దున్నే, ఎండెక్కకముందే బయల్దేరండి. ఒక అట్ట, నాలుగు తెల్లకాగితాలు, పెన్సిల్ చాలు. రబ్బరు ఇంట్లోనే ఉంచండి. దుర్గం చెరువు గట్టుకో, కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌కో వెళ్లండి. కుదరకపోతే అపార్ట్‌మెంట్ కింది వేపచెట్టు దగ్గరే కూర్చోండి. ఒక్క ఆకు, ఒక్క చీమలబారు, పావుగంట. మీరు గీసి చూపించకండి. పెద్దవాళ్ల గీత చూశాక పిల్లలు చెట్టును వదిలేసి ఆ గీతనే దించుతారు. బొమ్మ బాగుందనీ, బాగాలేదనీ తీర్పు చెప్పకండి. "ఏం కనిపించిందమ్మా?" అని అడగండి. రాయడం రాని పిల్ల చెప్పిన మాటను బొమ్మ కింద మీరు రాసి, చోటు, తేదీ వేయండి. రాలిన ఆకులే ఏరుకోండి, గూళ్ల దగ్గరికి పోకండి, బండల మీద పిల్లల చేయి వదలకండి. సంక్రాంతికి గీసిన వేపచెట్టునే ఉగాదికి మళ్లీ గీయించండి. ఆకు రాలి, చిగురేసి, పూత పట్టడం ఆ రెండు కాగితాల్లోనే కనిపిస్తుంది.

అపార్ట్‌మెంట్ సంఘాల వారికి మనవి: లాన్‌లో ఒక మూల గడ్డి కోయకుండా వదలండి. సీతాకోకచిలుకలు వస్తాయి. టీచర్లకు మనవి: బోర్డు మీది బొమ్మను దించే పీరియడ్లలో వారానికి ఒక్కటి చెట్టు కింద పెట్టండి.

ఎదుట లేస్తున్న టవర్ దగ్గర రేకుల షెడ్లలో ఉన్న కూలీల పిల్లలనూ, మీ ఇంట్లో పనిచేసే అమ్మ పిల్లలనూ వెంట తీసుకెళ్లండి. వాళ్ల చేతికీ కాగితం, పెన్సిల్ ఇవ్వండి.

అందరి బొమ్మలూ లిఫ్టు పక్కన నోటీసు బోర్డుకు అంటించండి. ఈ ఆదివారమే మొదలుపెట్టండి. చదివాక ఈ కాగితాన్ని పక్క ఫ్లాటు వారికి ఇవ్వండి.

— మీ ఇరుగుపొరుగు తల్లిదండ్రులు