ఎల్.ఎల్.ఆర్. ఫారంలో "లేదు" అని రాసే ముందు

ప్రశ్న: మా అబ్బాయికి ఈమధ్యే పద్దెనిమిదేళ్లు నిండాయి. ఎల్.ఎల్.ఆర్. పరీక్షకు చదువుతున్నాడు. నూటికి అరవై వస్తే చాలని గుర్తులన్నీ బట్టీ పట్టేశాడు. దరఖాస్తులో మూర్ఛలు, స్పృహ తప్పడం వంటివి ఉన్నాయా అని అడిగారు. వాడికి మూడో ఏట జ్వరంలో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. ఆ సంగతి రాస్తే లైసెన్సు ఇవ్వరనీ, అన్నిటికీ "లేదు" అని పెట్టేయమనీ మా మరిది అంటున్నాడు. నాకు భయంగా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, విజయనగరం

జవాబు: అమ్మా, ఆ ఫారాన్ని చదివి భయపడ్డారు కాబట్టి మీరు నయం. చాలా ఇళ్లలో దాన్ని చదివే నాథుడే ఉండడు. నెట్ సెంటరులో కూర్చున్న కుర్రాడు తనే "లేదు, లేదు" అని టిక్కులు పెట్టి పంపేస్తాడు. అది ఒకటో నంబరు ఫారం. నా ఆరోగ్యం ఇలా ఉందని దరఖాస్తుదారు స్వయంగా సంతకం చేసి ఇచ్చే మాట. నలభై దాటినవారు, లారీలూ బస్సులూ నడిపేవారు డాక్టరు సర్టిఫికెట్ కూడా పెట్టాలి. మీ అబ్బాయి వయసువారికి అది అక్కర్లేదు. అంటే వాడి ఒంటి సంగతి వాడూ మీరూ నిజం చెబితేనే తెలుస్తుంది.

ముందు ఫిట్స్ సంగతి చూద్దాం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో జ్వరం హఠాత్తుగా పెరిగినప్పుడు ఫిట్స్ రావడం అరుదేమీ కాదు. నూరుమందిలో ఇద్దరు ముగ్గురికైనా వస్తాయి. ఎక్కువమందికి వయసుతోపాటు అవే పోతాయి. దాన్ని మూర్ఛ వ్యాధి అనరు. ఐదేళ్లు దాటాక మీ అబ్బాయికి మళ్లీ ఒక్కసారి కూడా రాకపోతే, ఫిట్స్ మందులేవీ వాడకపోతే, ఆ ప్రశ్నకు "లేదు" అని రాయడం అబద్ధం కాదు. ఫారం అడుగుతున్నది ఇప్పుడు బాధపడుతున్నారా అని.

అయితే ఒక్క విషయం మీరు గమనించి చెప్పాలి. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య మొదలయ్యే మూర్ఛ ఒక రకం ఉంది. పొద్దున్న లేచిన కాసేపటికి చేతులు ఉలిక్కిపడ్డట్టు ఎగురుతాయి. పళ్లు తోముతుంటే బ్రష్షు ఎగిరిపడుతుంది, కాఫీ గ్లాసు జారిపోతుంది. పరీక్షల రోజుల్లో నిద్ర మేలుకున్నాక ఎక్కువవుతుంది. ఇంట్లోవాళ్లు "పరాకు వెధవ" అని తిట్టి ఊరుకుంటారు. అలాగే మాట్లాడుతూ మాట్లాడుతూ కొన్ని క్షణాలు శూన్యంలోకి చూసి ఉండిపోవడం, రాత్రి నిద్రలో నాలుక కొరుక్కోవడం, పక్క తడపడం. వీటిలో ఏది ఉన్నా లైసెన్సు మాట పక్కనపెట్టి నరాల డాక్టరుకు చూపించండి. విశాఖపట్నం కె.జి.హెచ్.లో ఆ విభాగం ఉంది. మందులతో అదుపులోకి వచ్చే జబ్బే ఇది. చేతిలో తాళాలు పెడితే తగ్గేది మాత్రం కాదు.

ఆ జబ్బే ఉన్నట్టు తేలితే మీ మరిదిగారు చెప్పినట్టు లైసెన్సు రాదు. బ్రిటన్‌లో ఏడాదిపాటు ఫిట్స్ రానివారికి కారు, మోటారు సైకిలు లైసెన్సు ఇస్తారు. మన ఫారంలో అటువంటి గడువు లేదు. అది కొందరికి అన్యాయంగా తోచవచ్చు, నాకూ అప్పుడప్పుడు తోస్తుంది. కాని గంటకు 40 కిలోమీటర్ల వేగంలో నిమిషంపాటు స్పృహ లేకపోతే బండి అరకిలోమీటరు పైన పోతుంది, తోలేవాడు లేకుండా. దాచి తెచ్చుకున్న లైసెన్సు ఆ నిమిషంలో ఎందుకూ పనికిరాదు.

ఇక కళ్లు. మంచి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి బండి నంబరు పలక కనిపించాలని ఫారంలో ఉంది. ఇది ఇంటి ముందే చూసుకోవచ్చు. ఆగి ఉన్న ఆటో నుంచి పెద్ద అంగలతో ముప్ఫై అడుగులు కొలిచి, ఒక్కొక్క కన్ను మూయించి నంబరు చదివించండి. రెండు కళ్లతో గడగడా చదివినవాడు ఒక కంటితో తడబడడం మామూలే. కళ్లజోడు పెట్టుకుని కనిపిస్తే చాలు, తప్పేమీ లేదు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలియని మగపిల్లలు కూడా ఉంటారు. కొద్దిపాటి లోపం ఉన్నవారికి 2020 నుంచి లైసెన్సు ఇవ్వవచ్చని కేంద్ర ప్రభుత్వం నిబంధన మార్చింది. కాబట్టి దాన్నీ దాచనక్కర్లేదు.

పరీక్షకు బట్టీ పట్టాడన్నారు. గుండ్రటివి ఆజ్ఞలు, మూడు మూలలవి హెచ్చరికలు, నీలం చదరాలు సమాచారం. ఇది ఒక సాయంత్రంలో వస్తుంది. కారణం తెలిస్తే మరచిపోరు. ఉదాహరణకి ఘాట్‌లో దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారి ఇవ్వాలి. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కిన వారికి ఎందుకో చెప్పనక్కర్లేదు. బరువుతో ఎక్కుతున్న లారీ ఆగితే మళ్లీ కదలడం కష్టం, వెనక్కి జారుతుంది.

వేగం సంగతీ అంతే. ప్రమాదం కంటపడ్డాక చెయ్యి బ్రేకు మీదకు రావడానికి మామూలు మనిషికి ఒక సెకను పడుతుంది. 60లో పోతుంటే ఆ సెకనులోనే బండి 17 మీటర్లు పోతుంది. బ్రేకు వేశాక పొడి రోడ్డు మీద మరో 20. మొత్తం 37. అదే 30లో అయితే అంతా కలిపి 13 మీటర్లే. తడి రోడ్డు మీద, అరిగిన టైరుతో లెక్క ఇంకా పెరుగుతుంది. ఫోను చూస్తూ ఉంటే ఆ ఒక్క సెకను రెండు మూడు సెకన్లవుతుంది. మద్యం కూడా ఆ సెకనునే సాగదీస్తుంది. చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల దగ్గర గీత గీసింది. జలుబు మాత్రలు, కొన్ని దగ్గు మందులు కూడా మగత తెస్తాయని మాత్రం ఎవరూ ఆలోచించరు. జలుబు మాత్ర వేసుకున్న పూట బండి తీయనివ్వకండి.

ఎల్.ఎల్.ఆర్. చేతికొచ్చిన మర్నాడే మీవాడు "అమ్మా, ఎక్కు, గంట స్తంభం దగ్గర దించేస్తాను" అంటాడు. ఎక్కకండి. లైసెన్సు ఉండి నేర్పే మనిషి తప్ప నేర్చుకునేవాడి వెనక ఎవరూ కూర్చోకూడదు. ముందూ వెనకా ఎర్రటి ఎల్ అక్షరం ఉండాలి. ఎల్.ఎల్.ఆర్. ఆరు నెలలు చెల్లుతుంది. 30 రోజులైనా నేర్చుకున్నాకే అసలు పరీక్ష.

తరవాతైనా, మీరు వెనక కూర్చునే రోజున మీకూ హెల్మెట్ కావాలి. నాలుగేళ్లు దాటిన ప్రతివారికీ కావాలని చట్టం. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో హెల్మెట్ లేకుండా 50,029 మంది పోయారు. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవారే. హెల్మెట్ తలదెబ్బల్ని 69 శాతం, మరణాల్ని 42 శాతం తగ్గిస్తుందని 2008లో కోక్రేన్ సంస్థవారు ఎన్నో పరిశోధనలు సమీక్షించి చెప్పారు. ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి కొనండి, గడ్డం కింద పట్టీ బిగించండి. పట్టీ బిగించని హెల్మెట్ మనిషి కంటే ముందు రోడ్డు మీద పడుతుంది. చీర కొంగు బొడ్డులో దోపుకోండి. కొంగు, చున్నీ చక్రంలో చుట్టుకుని పడ్డ ఆడవాళ్లను క్యాజువాల్టీలో చాలామందిని చూశాను.

పరీక్ష పాఠాల్లో పిల్లలు దాటవేసేది ఒకటుంది. ప్రమాదం జరిగాక ఏం చేయాలన్నది. తన బండి వల్ల దెబ్బతగిలితే పారిపోకుండా దగ్గర్లోని ఆసుపత్రికి చేర్చాలి, 24 గంటల్లోగా పోలీసులకు చెప్పాలి. డాక్టరు కూడా కాగితాల కోసం ఆగకుండా వైద్యం మొదలుపెట్టాలని అదే సెక్షన్ చెబుతోంది. సుప్రీంకోర్టు 1989లోనే ఆ మాట అంది. దారినపోతూ సాయం చేసినవారిని కేసుల్లో ఇరికించకూడదని 2019 సవరణలో చేర్చారు. కాబట్టి 108కి ఫోను చేయడానికి జంకవద్దని చెప్పండి. కారే రక్తం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదమాలి. స్పృహలో లేని మనిషి నోట్లో నీళ్లు, సోడా పోయకూడదు. మెడ వంచి ఆటోలో కూర్చోబెట్టకూడదు. ఊపిరి ఆడుతున్నంతవరకు హెల్మెట్ లాగకూడదు.

ఫారం పంపేముందు మీవాణ్ని ఒక పూట ప్రభుత్వాసుపత్రి కంటి విభాగానికి తీసుకువెళ్లండి. చిన్నప్పటి ఫిట్స్‌కు వాడిన మందుల చీటీలు ఉంటే అవీ పట్టుకెళ్లి అక్కడి ఫిజీషియన్‌కు చూపించండి. రెండుసార్లు వచ్చాయన్నారు. ఒకే రోజునా, వేరువేరు జ్వరాల్లోనా, ఎన్ని నిమిషాలు ఉన్నాయి అన్నది గుర్తు చేసుకుని మరీ వెళ్లండి. ఆయన మొదట అడిగేది అదే.