సంతాన చికిత్స: సంతకానికి ముందు షరీఅత్ మాట వినండి

2019 సెప్టెంబరులో తూర్పు గోదావరి జిల్లాకు చెందిన ఒక వృద్ధురాలు గుంటూరులో కవల ఆడపిల్లలకు జన్మనిచ్చిన వార్త సంచలనం సృష్టించింది. ఆమె వయస్సు 74 ఏళ్ళని పత్రికలు రాశాయి. అండం మరో స్త్రీ ఇచ్చినది, వీర్యం భర్తది. ఆ వార్త చదివిన ముస్లింకు వృద్ధాప్యంలో సంతానం పొందిన హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) గుర్తుకు రావడం సహజమే. కాని హజ్రత్ యహ్యా (అలైహిస్సలాం) ఆ దంపతులిద్దరి రక్తం పంచుకుని పుట్టిన బిడ్డ. మనం ఆలోచించవలసిన తేడా అదే.

ఆనాడు మన దేశంలో ఈ వైద్యానికి ప్రత్యేక చట్టం లేదు. 2021 డిసెంబరులో పార్లమెంటు రెండు చట్టాలు చేసింది. ఒకటి టెస్ట్ ట్యూబ్ వైద్యం గురించి, రెండోది అద్దె గర్భం గురించి. రెండూ 2022 జనవరి 25 నుంచి అమలులో ఉన్నాయి.

చట్టం ఏమంటోంది?

ఈ వైద్యం పొందే స్త్రీకి 21 ఏళ్ళు దాటి 50 లోపు, పురుషునికి 21 దాటి 55 లోపు వయస్సుండాలి. అంటే గుంటూరు కాన్పు వంటిది నేడు చట్టం ఒప్పదు. అండదాత వయస్సు 23 నుంచి 35 మధ్య ఉండాలి; జీవితంలో ఒక్కసారే, ఏడుకు మించకుండా అండాలు ఇవ్వవచ్చు. ఒక దాత కణాలను ఒకే జంటకు ఇవ్వాలి. అండాలు, వీర్యం, పిండాలు అమ్మడం, కొనడం నేరం. ఆడో మగో ఎంచుకోవడం కూడా నేరమే. భద్రపరచిన కణాలను, పిండాలను పదేళ్ళకు మించి ఉంచకూడదు. ఆ తరువాత వాటిని నశింపజేయాలి, లేదా సమ్మతితో పరిశోధనకు ఇవ్వాలి. దాత సాయంతో పుట్టిన బిడ్డ చట్టం దృష్టిలో ఆ దంపతుల సొంత బిడ్డే.

వీటిలో చాలా నిబంధనలు మనం హర్షించవలసినవే. పేద స్త్రీ శరీరాన్ని సరుకుగా మార్చడాన్ని, ఆడశిశువును పిండంగానే తిరస్కరించడాన్ని ఇస్లాం ఏనాడూ సమ్మతించలేదు.

షరీఅత్ ఏమంటోంది?

ఈ వైద్యాన్ని ఇస్లాం పూర్తిగా కాదనలేదు. 1980లోనే అల్ అజ్‌హర్ పండితులు షేఖ్ జాదుల్ హఖ్ దీనిపై ఫత్వా ఇచ్చారు. 1986 అక్టోబరులో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ ఏడు పద్ధతులను పరిశీలించి ఐదింటిని నిషేధించింది. అవసరమైతే అనుసరించవచ్చన్న రెండూ భర్త వీర్యం, భార్య అండం, అదే భార్య గర్భం అనే షరతుకు లోబడినవే. మూడో వ్యక్తికి చోటు లేదు. చివరకు అదే భర్తకున్న రెండో భార్య గర్భాన్ని వాడుకోవడాన్ని కూడా అకాడమీ ఒప్పలేదు.

కారణం నసబ్, అంటే వంశ సంబంధం. ఎవరు మహ్రమో, ఎవరితో నికాహ్ చెల్లదో, ఎవరికి వారసత్వం వస్తుందో దానిమీదే ఆధారపడి ఉంటాయి. దాత ఎవరో గోప్యంగా ఉన్నప్పుడు, ఆమె కన్న పిల్లలు ఈ బిడ్డకు తోబుట్టువులన్న సంగతి ఎవరికి తెలుస్తుంది? ఒక దాత ఒకే జంటకు అన్న నిబంధన ప్రమాదాన్ని తగ్గిస్తుందే తప్ప తొలగించదు.

మరణానంతరం సంగతి మరొకటి. 2024 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు, కేన్సర్‌తో మరణించిన అవివాహిత యువకుని వీర్యాన్ని అతని తల్లిదండ్రులకు అప్పగించమని ఆదేశించింది. మృతుని సమ్మతి ఉంటే మన చట్టంలో అడ్డు లేదని చెప్పింది. షరీఅత్ ప్రకారం సంతానానికి మార్గం నికాహ్ ఒక్కటే. మరణంతో ఆ బంధం ముగిసిన తరువాత భద్రపరచిన కణాలతో బిడ్డను కనడాన్ని అత్యధిక ఉలమాలు అనుమతించరు.

నిర్ణయం మన చేతిలోనే

చట్టం అనుమతించిందంటే విధించిందని కాదు. దాతను తీసుకోమని ఎవరినీ బలవంతం చేయదు. లిఖిత సమ్మతి లేనిదే చికిత్స సాగదు. భద్రపరచిన కణాలను దంపతులలో ఒకరు మరణిస్తే ఏం చేయాలో కూడా ముందే రాయించుకోవాలి. పిండాన్ని గర్భంలో ఉంచేలోగా సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. షరీఅత్‌ను కాపాడుకునే వీలు ఆ కాగితంలోనే ఉంది.

మా మొగల్తూరు వంటి ఊళ్ళ నుంచి ఎందరో దంపతులు పొలమో నగో అమ్మి పట్నం ఆసుపత్రులకు వెళ్తున్నారు. ఇంగ్లీషు కాగితాలపై చూపిన చోటల్లా సంతకం చేసి వస్తున్నారు. 2025 జూలైలో సికింద్రాబాద్‌లోని ఒక కేంద్రంపై కేసు నమోదైంది. అద్దె గర్భంతో పుట్టిన మీ బిడ్డేనంటూ అప్పగించిన పసివాడు ఆ జంట బిడ్డ కాదని డీఎన్ఏ పరీక్షలో తేలింది. కనుక ముందు కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. ప్రతి కాగితాన్నీ తెలుగులో చదివించుకోండి. దాత కణాలు వద్దని రాయించండి. అవసరానికి మించి పిండాలు తయారు చేయవద్దని చెప్పండి; 1990లో జిద్దాలో అదే అకాడమీ చేసిన తీర్మానం కూడా ఇదే. ఇద్దరిలో ఒకరు మరణిస్తే మిగిలినవి నశింపజేయాలని రాయండి. సందేహం ఉంటే సంతకానికి ముందే ఆలిమ్‌ను సంప్రదించండి.

తెలియక దాత సాయంతో బిడ్డను కన్న దంపతులుంటే, ఆ బిడ్డను వేలెత్తి చూపే హక్కు ఎవరికీ లేదు. బిడ్డ ఏ పాపమూ ఎరుగదు. సంతానం లేని కోడలిని సూటిపోటి మాటలనేవారు ఖుర్ఆన్‌లోని అష్షూరా అధ్యాయం 49, 50 ఆయతులు చదవాలి. కొడుకులనైనా కూతుళ్ళనైనా ఇచ్చేవాడు, కొందరికి ఇవ్వనివాడు ఒక్కడే. వైద్యం చేయించుకోవడం మన ప్రయత్నం, ఫలితం ఆయన చిత్తం. ఆ ప్రయత్నాన్ని హలాల్ మార్గంలో నిలుపుకోవడమే మన బాధ్యత.